షాపుకి, హెడ్డాఫీసుకి మధ్యలో ఇంతమంది మేనేజర్లు అవసరమా? తిరుపతి, చిత్తూరు సైడ్ రిటైల్‌లో చేసినోళ్ళు చెప్పండి

కొర్లగుంట_కుర్రోడు

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒక సూపర్‌మార్కెట్ చైన్‌లో స్టోర్ మేనేజర్‌గా చేస్తా ఉండా, కంపెనీ పేరు వద్దులే. బిల్లింగ్‌లో చేరి 11 ఏళ్ళయింది. మా దాంట్లో షాపు పైన ఏరియా మేనేజరు, ఆయన పైన క్లస్టర్ మేనేజరు, ఆ పైన రీజినల్, స్టేట్ హెడ్, ఆ పైన హైదరాబాదులో ఆపరేషన్స్ హెడ్. ఇంక పక్క లైన్లో కేటగిరీ వాళ్ళు (ఏ సరుకు ఏ రేటుకి అమ్మాలో తేల్చేవాళ్ళు), ఆడిట్ వాళ్ళు, హెచ్‌ఆర్ వాళ్ళు. ఇప్పుడు ఖర్చు తగ్గించాలని ఏరియా పోస్టులు రెండూ, క్లస్టర్ పోస్టు ఒకటీ తీసేసి మూడింటికీ కలిపి ఒక్కణ్ణే పెడతారంట, ఆ ఒక్కడు నువ్వే అంటా ఉండారు. 14 షాపులు. తిరుపతిలో 5, చిత్తూరులో 2, మిగతావి రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె.

ప్రమోషనే, జీతం పెరుగుతాది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉండారు. కానీ ఇన్నేళ్ళు కింద నుంచి చూసినోణ్ణి కదా, ఈ మధ్యలో వాళ్ళు చేసేది ఏంది అని నాకే అనుమానం. మొన్న మే నెలలో మధ్యాన్నం 2 గంటలకి చిల్లర్ కంప్రెసర్ ఆగిపోయింది. లోపల 180 పెరుగు ప్యాకెట్లు. డేటు ఇంకా రెండ్రోజులుంది, చల్లగానే ఉండాయి, ఆ పొద్దే సగం ధరకి పెట్టేసి మైకులో చెప్పేసుంటే గంటలో పోయేటివి. కానీ రేటు తగ్గించే పవర్ స్టోర్ మేనేజర్‌కి లేదు. ఏరియా మేనేజర్‌కి ఫోటో పెట్టినా, ఆయన క్లస్టర్‌కి పంపినాడు, ఆయన కేటగిరీకి మెయిల్ పెట్టమన్నాడు, కేటగిరీ మేడమ్ బ్యాచ్ నంబర్లు అడిగింది. సాయంత్రం 6:40కి అప్రూవల్ వచ్చింది, అప్పటికి ప్యాకెట్లు ఉబ్బిపోయినాయి. నేనూ హౌస్‌కీపింగ్ అక్కా వెనకాల సింకు దగ్గర నిలబడి ఒక్కో ప్యాకెట్టూ కత్తెరతో కోసి పారబోసినాము, చెయ్యంతా పులుపు వాసన. ఆ నెల డంప్ (పారేసిన సరుకు) ఎక్కువైందని వార్నింగ్ మెయిల్ మాత్రం నాకే వచ్చింది.

రేపు నేను ఆ మధ్య కుర్చీలో కూర్చుంటే నేనూ ఫార్వర్డ్ కొట్టే మనిషినే అయిపోతానా? అసలు ఆ కుర్చీ ఉండాల్నా? సోమవారం లోపల చెప్పమన్నారు.

లీలామహల్_శీను

అన్నా, ఒక్కరు కూడా వద్దు. ఏ షాపులో ఏ గంటకి ఎన్ని బిల్లులు పడినాయో ఇప్పుడు హైదరాబాదులో కూర్చోని ఫోన్లో చూసుకుంటారు, స్టాకు ఎంతుందో సిస్టమ్ చెప్తాది, ఇండెంట్ (కావాల్సిన సరుకుకి ఆర్డరు) దానంతటదే పోతాది. అవే నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించి పైకి పంపేదానికి మళ్ళీ ఒక మనిషి, ఆయనకి కారు, హోటలు బిల్లు. నేను ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో మూడేళ్ళు చేసినా, మా ఏరియా సారు నెలకొకసారి వచ్చి ఏసీలు ఎందుకు పోలేదని అడిగేది తప్ప ఒక్క కస్టమర్‌తో మాట్లాడింది నేను చూళ్ళేదు. ఆ జీతం ఫ్లోర్‌లో ఉండే పిల్లోళ్ళకి పంచితే నెలకి ఇద్దరు మానేసిపోయేదన్నా ఆగుతాది.

గ్రీమ్స్‌పేట_కిరాణా

శీనూ, ఒక్క షాపులో నిలబడి చూస్తే నువ్వు చెప్పింది సరే. మాది చిత్తూరులో మా నాయన పెట్టిన కిరాణా. ఒకటి మూడైంది, మూడు అయిదైంది. మూడు షాపుల దాకా నా కన్నే మేనేజరు. పొద్దున ఆరుకి ఒక దాంట్లో, పదికి ఇంకో దాంట్లో, రాత్రి గల్లా లెక్క మూడు చోట్లా నేనే చూసేవాణ్ణి, చింతపండు మూటలో చెయ్యి పెడితే తేమ ఎంతుందో తెలిసేది. అయిదోది పలమనేరులో పెట్టినాక వారానికి ఒకసారి పోయేదే గగనమైపోయింది.

ఆడ గల్లా మీద కూర్చున్న పిల్లోడు మా ఇంట్లో అన్నం తిని పెరిగినోడు. జీడిపప్పు, బాదం, నెయ్యి బిల్లు కొట్టేది, కస్టమర్ మెట్లు దిగినాక అదే బిల్లు రిటర్న్ కొట్టేది, డబ్బు జేబులోకి. సిస్టమ్‌లో సరుకు వెనక్కి వచ్చినట్టే కనిపిస్తాది, ర్యాకులో ఉండదు. ఎనిమిది నెలలు నాకు తెలీలేదు. సిస్టమ్ చెప్తాది అంటివే, సిస్టమ్‌కి వాడు ఏం చెప్తే అదే నాకు చెప్పింది తమ్ముడూ. స్టాక్ లెక్కబెట్టిన రోజు నెయ్యి డబ్బాలే 46 తక్కువ. నేను ఆ రోజు అన్నం తినలేదు, డబ్బు కోసం కాదు.

ఆ తర్వాత మా దగ్గరే చాలా ఏళ్ళు చేసిన ఒక పెద్దాయన్ని అయిదు షాపులూ తిరిగే పనికి పెట్టినా. రోజుకో షాపు. కాయితాలు రాయొద్దు, ఏదన్నా పది వస్తువులు తీసి సిస్టమ్‌తో సరిచూడు, రిటర్న్ బిల్లులు చదువు, పిల్లోళ్ళతో కూర్చోని టీ తాగు అని చెప్పినా. ఆయన జీతం నాకెప్పుడూ భారం అనిపించలేదు. మీ కంపెనీ ఇచ్చే పేరు ఏదైనా కానీ, నా లెక్కలో ఏరియా మేనేజరంటే అదే.

స్వర్ణముఖి

నేను బిల్లింగ్‌లో చేస్తాను, తొమ్మిదేళ్ళు. పెద్దగా రాయను, ఇది చదివి ఊరుకోలేక రాస్తా ఉండా.

ఆరో నెల కడుపుతో ఉన్నప్పుడు కౌంటర్ దగ్గర ఒక స్టూలు అడిగినా. తొమ్మిది గంటలు నిలబడాల, సాయంత్రానికి చెప్పులు పట్టేవి కాదు. స్టోర్ మేనేజర్ సారు మంచాయనే, నాకైతే సరేనమ్మా కానీ విజిట్‌కి వచ్చినోళ్ళు ఫోటో తీస్తే నాకు మాటొస్తాది అన్నాడు. ఏరియా సారు హెచ్‌ఆర్‌ని అడగాల అన్నాడు. హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్లో ఎంతో బాగా మాట్లాడింది, పాలసీలో లేదమ్మా, రీజినల్‌కి పంపిస్తా అనింది. నేను కాన్పు లీవు మీద పోయేదాకా స్టూలు రాలేదు. నూనె ప్యాకెట్లు వచ్చే అట్టపెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, క్యూ లేనప్పుడు దాని మీద కూర్చునేదాన్ని, అది నలిగిపోతే ఇంకో రెండు.

మా చెల్లెలు వేలూరులో బట్టల షాపులో చేస్తాది. తమిళనాడులో 2021లో చట్టం మార్చి షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునేదానికి సీటు పెట్టాల్సిందే అన్నారు, కేరళలో 2018లోనే చేసినారు. స్టూలు ఎంతుంటాది, ఆరేడొందలు. నలుగురిలో ఒక్కరికి కూడా ఆ ఆరొందలకి సరే అని చెప్పే అధికారం లేకపోయిందే అనేది నా బాధ.

అట్లని పైన ఎవ్వరూ వద్దని నేను అనను. అంతకు ముందు వేరే షాపులో ఒక స్టోర్ మేనేజరు ఆడపిల్లల్ని రాత్రి పదిన్నర దాకా స్టాకు సర్దమని నిలిపేసేవాడు, బస్సులు ఉండేవి కాదు. మేము చెప్పుకునింది ఏరియా మేడమ్‌కే. ఆమె మర్రోజే వచ్చి మా ముందరే షిఫ్టు మార్పించింది. ఆమె లేకుంటే హైదరాబాదు నంబరుకి ఫోన్ చేసి చెప్పే ధైర్యం మాలో ఎవరికుండాది?

కొర్లగుంట_కుర్రోడు

అక్కా, మా షాపులో అయిదు కౌంటర్లు ఉండాయి, ఒక్క స్టూలు లేదు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. మీరు రాసింది చదివినాక నిద్ర పట్టలేదు.

మాజీ_ఏరియా_మేనేజర్

తమ్ముడూ, నేను ఈ పనే 16 ఏళ్ళు చేసి దిగిపోయినాను. ఆ కుర్చీలో మంచి రోజులూ చూసినా, చివర్లో చెడ్డ రోజులూ చూసినా.

మన ఏరియా హైదరాబాదులో కూర్చున్నోళ్ళకి అర్థం కాదు. తమిళోళ్ళ పెరటాసి నెల తీసుకో. సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా నగరి, పుత్తూరు సైడు అరవం మాట్లాడే ఇళ్ళల్లో, మన తెలుగోళ్ళల్లో కూడా చానామంది నీసు ముట్టరు. ఇండెంట్ సిస్టమ్ ఏం చేస్తాది, గత నాలుగు వారాల అమ్మకం చూసి అన్నే కోడిగుడ్లు పంపిస్తాది. మొదటి ఏడాది నగరి షాపులో గుడ్ల ట్రేలు మెట్ల కింద దాకా పేర్చినాము. రెండో ఏడాది నేను ముందే కూర్చోని ఆ రెండు షాపులకీ అయిదు వారాలు గుడ్లు, ఫ్రోజెన్ చికెన్ కోసేయించినా. అదే సమయంలో తిరుపతిలో తిరగబడతాది కథ. పెరటాసి శనివారాలకి తమిళోళ్ళు బస్సులు బస్సులుగా వస్తారు, పైగా బ్రహ్మోత్సవాలు కూడా ఆ చుట్టుపక్కలే పడతాయి, బిస్కట్లు, చిన్న సబ్బులు, దుప్పట్లు నిలవవు.

ఇంకొకటి. అలిపిరి దారిలో ఉండే షాపులో ఎంట్రన్స్ ఎదురుగా నీళ్ళ బాటిళ్ళు పేర్చాలని ప్లానోగ్రామ్ (ఏ సరుకు ఎక్కడ పెట్టాలో చూపించే పటం) వచ్చింది, దేశమంతా ఎండాకాలం అదేనంట. కొండ మీద ప్లాస్టిక్ నిషేధం కదా, చెకింగ్ దగ్గర తీసేస్తారు. యాత్రికులు మా షాపులో కొని, ఆడ పారేసి, తిట్టుకుంటా పైకి పోతా ఉండారు. నేను రెండ్రోజులు ఆ షాపు బయటే నిలబడి చూసినా. స్టీలు బాటిళ్ళు, గుడ్డ సంచులు ముందరకి తెచ్చినాము, గుండు చేయించుకుని దిగేవాళ్ళకి గంధం, టోపీలు బిల్లింగ్ పక్కన పెట్టినాము. ఇది ఏ రిపోర్టులోనూ కనపడదు, నిలబడి చూసినోడికే కనపడతాది. స్టోర్ మేనేజర్‌కీ తెలుసు, కానీ ఆయన మాట పైకి పోదు, పైకి పోయే దారి నేనే.

చివరి నాలుగేళ్ళు ఏమైందంటే, పొద్దున 9 గంటలకి ఓపెనింగ్ ఫోటోలు, 11కి కాల్, 1కి అమ్మకం అప్‌డేట్, 4కి మళ్ళీ కాల్, రాత్రి 10కి క్లోజింగ్. వాట్సాప్ గ్రూపులు 22. షాపుకి పోయినా మూల నిలబడి ఫోన్లో మాట్లాడేదే, ఫ్లోర్ మీద పిల్లోళ్ళు నా వీపే చూసినారు. అప్పుడు ఆ పోస్టు తీసేసినా ఎవరికీ లోటు ఉండేది కాదు, ఆ మాట నేనే ఒప్పుకుంటా. నువ్వు చేరేటప్పుడు జీతం గురించి కాదు తమ్ముడూ, ఈ కాల్స్ గురించి అడుగు.

ఎస్వీయూ_మాస్టారు

మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాణ్ణి, 14 అనే సంఖ్య దగ్గర ఆగిపోయాను. ఒక మనిషి కింద ఎంతమంది ఉండొచ్చు అనే దాని మీద 1933లో గ్రైకునాస్ అనే ఆయన ఒక లెక్క కట్టాడు. కింద మనిషి ఒకరు పెరిగితే పని ఒకరిదే పెరగదు, వాళ్ళలో వాళ్ళకుండే సంబంధాలు కూడా పెరుగుతాయి అని. అయిదుగురికి 100 సంబంధాలు, ఆరో మనిషి వస్తే 222. 14కి అదే సూత్రం వేస్తే లక్షా పద్నాలుగు వేలు దాటుతుంది. దీన్ని అక్షరాలా పట్టుకోకూడదు, పుంగనూరు షాపుకీ శ్రీకాళహస్తి షాపుకీ రోజూ మాటల్లేవు కాబట్టి మీ భారం అంత ఉండదు. కానీ లేయర్ తీసేస్తే పని మాయమైపోదు, మిగిలినవాడి నెత్తిన పడుతుంది, అది మాత్రం నిజం.

1962లో అమెరికాలో రోజర్స్ అనే చిన్న ఊళ్ళో మొదటి వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ చిన్న విమానం స్వయంగా నడుపుకుంటూ షాపులు తిరిగేవాడు. ఆయన రీజినల్ మేనేజర్లు హెడ్డాఫీసున్న బెంటన్‌విల్‌లోనే కాపురముండి, సోమవారం విమానమెక్కి, వారంలో ఎక్కువ రోజులు షాపుల్లో గడిపి వచ్చేవాళ్ళు. శనివారం పొద్దున మీటింగులో ఎక్కడ ఏ సరుకు కదల్లేదో చెప్తే అక్కడికక్కడే తేల్చి, ఆ నిర్ణయం షాపులకి చెప్పేసేవాళ్ళు. అక్కడి మధ్య మేనేజరు, పైన మాజీ ఏరియా మేనేజర్ గారు చెప్పినట్టు, నిలబడి చూసినవాడు, వారం తిరక్కుండా జవాబు తెచ్చేవాడు. మీ పెరుగు విషయంలో చూసినవాడు మీరు, తేల్చేది ఎక్కడో ఉన్న కేటగిరీ మేడమ్, మధ్యలో ఇద్దరూ చూడనివాళ్ళే, తేల్చనివాళ్ళే.

చెన్నై_రిటర్న్

పైన మేనేజర్లు లేకుండా పెంచుకుంటా పోతే ఏమైతాదో సుభిక్ష అనే షాపుల చైన్‌ని చూస్తే తెలుస్తాది కదా. 1997లో చెన్నైలో మొదలైంది, గల్లీకొకటి పెట్టి 1,600 దాకా పోయి 2009 మొదట్లో మొత్తం మూతపడింది.

గ్రీమ్స్‌పేట_కిరాణా

బాబూ, దాన్ని ఈ లెక్కలో వెయ్యొద్దు. అప్పు మీద పెంచినారు, 2008లో డబ్బు పుట్టలేదు, అద్దెలు, జీతాలు, సరుకు ఇచ్చినోళ్ళ బాకీలు అన్నీ ఒకేసారి మీద పడినాయి. ఎంతమంది మేనేజర్లు ఉన్నా ఖాళీ ర్యాకులు నిండవు. నువ్వు చూడాలంటే డీమార్ట్‌ని చూడు. 2002లో ముంబై పొవైలో మొదటిది, 2017 మార్చిలో షేర్ మార్కెట్‌కి వచ్చేనాటికి 130 చుట్టుపక్కలే. పదిహేనేళ్ళకి అంతే. గిడ్డంగికి దగ్గర దగ్గరగా గుంపులుగా పెట్టుకుంటా వచ్చినారు. షాపులు దగ్గరగా ఉంటే తిరిగే మనిషికి రోజులో రోడ్డు మీద పోయే టైము తగ్గుతాది. మన కుర్రోడికి ఇచ్చినట్టు శ్రీకాళహస్తి ఒక మూల, మదనపల్లె ఇంకో మూల అయితే మనిషి సగం బతుకు కారులోనే.

చెన్నై_రిటర్న్

సరే అన్నా, డబ్బు సంగతి నేను మర్చిపోయినా.

వాల్మీకిపురం_టమాటా

మదనపల్లె అన్నారు కాబట్టి ఒక మాట. నేను ఆడ ఒక చైన్ షాపులో కూరగాయల సెక్షన్ చూసేవాణ్ణి. టమాటా మార్కెట్ యార్డు ఊళ్ళోనే ఉంది, తెల్లారితే లారీలు లోడ్ అవుతా ఉంటాయి. మాకు మాత్రం టమాటా బెంగళూరు గోడౌన్ నుంచి రావాల. ఈడి కాయే ఆడికి పోయి, గ్రేడింగ్ చేసి, క్రేట్‌లో మళ్ళీ ఈడికే, రెండ్రోజుల వయసుతో. కస్టమర్లు మొహం మీదే అనేవాళ్ళు, మా చేన్లో కాయ ఇంతకన్నా బాగుంటాదని. మా నాయన కూడా టమాటా పండించేవాడే, ఆయన్ని షాపుకి రావొద్దని చెప్పేవాణ్ణి. రోజుకి నాలుగు క్రేట్లు యార్డులో కొనేదానికి పర్మిషన్ ఇమ్మని రెండేళ్ళు అడిగినా.

చిత్తూరు_ఏజెన్సీస్

సరుకు వేసేవాళ్ళ వైపు నుంచి చిన్నది. మా బిల్లు 70 రోజులు ఆగిపోయినప్పుడు స్టోర్‌లో అడిగితే హెడ్డాఫీస్ అంటారు, హెడ్డాఫీస్‌లో అడిగితే స్టోర్‌లో సరుకు దించుకున్న ఎంట్రీ పడలేదు అంటారు. ఒక ఏరియా మేనేజరు ఉన్నప్పుడు ఆయన నా ఎదురుగానే రెండు చోట్లకీ ఫోన్ చేసి ఆ ఎంట్రీ వేయించి పది రోజుల్లో తేల్చేసినాడు. ఆ పోస్టు తీసేసినాక నేను ఆ చైన్‌కి సరుకు వేసేదే మానేసినా. ఆదా అయిందని వాళ్ళు రాసుకుని ఉంటారు.

లీలామహల్_శీను

అందరివీ చదివినా. స్వర్ణముఖి అక్క చెప్పిన ఏరియా మేడమ్, కిరాణా అన్న చెప్పిన పెద్దాయన లాంటోళ్ళు నాకు తగల్లేదు, అందుకే అట్ల రాసినా. కానీ ఒక మాట మీద మాత్రం నేను దిగను. ఏరియా పైన క్లస్టర్, క్లస్టర్ పైన రీజినల్ దేనికి? షాపు చూసే మనిషి ఒకడు చాలు. ఆయన్ని చూసేదానికి ఇంకొకడు, వాణ్ణి చూసేదానికి మరొకడు, ఆ నిచ్చెన మెట్లలోనే కదా అన్న పెరుగు పులిసింది.

మాజీ_ఏరియా_మేనేజర్

దాంట్లో నీతో నేను ఏకీభవిస్తా శీనూ. వంద షాపుల దాకా అయితే ఆరేడు షాపులకి ఒక మనిషి, వాళ్ళందరికీ పైన ఒకరు, అంతే చాలు. మా కాలంలో క్లస్టర్ అనే పోస్టు రీజినల్ ఆయన రిపోర్టులు మోయలేక పుట్టింది, షాపుకి అవసరమై పుట్టలేదు.

కొర్లగుంట_కుర్రోడు

ఆలస్యంగా రాస్తా ఉండా, క్షమించండి. శుక్రవారం హైదరాబాదు పోయి వచ్చినా. మీరు రాసినవన్నీ కాయితం మీద రాసుకునే పోయినా.

మూడు అడిగినా. పాలు, పెరుగు, బ్రెడ్డు, కూరగాయలు ఆ పొద్దుకాపొద్దు రేటు తగ్గించేది స్టోర్ మేనేజర్ చేతిలో ఉండాల, రోజుకి 3,000 దాకా ఎవరినీ అడగబళ్ళేదు. దానికి ఒప్పుకున్నారు, ఆపరేషన్స్ హెడ్ పెరుగు కథ మొత్తం విని అక్కడే కేటగిరీ మేడమ్‌ని పిలిపించినాడు. రెండోది, కాల్స్ రోజుకి ఒకటే, మంగళవారం నుంచి శుక్రవారం దాకా నేను షాపుల్లోనే ఉంటా, ఆఫీసులో వెతకొద్దు అని. ఒక నెల చూస్తామన్నారు. మూడోది 14 షాపులు ఒక మనిషి పని కాదు, తిరుపతి, రేణిగుంట, కాళహస్తి, పుత్తూరు, నగరి తొమ్మిదీ ఒకరికి, చిత్తూరు నుంచి మదనపల్లె దాకా అయిదూ ఇంకొకరికి ఇవ్వండి అంటే, దసరా అయినాక మాట్లాడదాం అన్నారు. మాస్టారి లెక్క చూపించినా, నవ్వలేదు, రాసుకున్నారు. మదనపల్లె టమాటా కూడా అడిగినా తమ్ముడూ, అది క్వాలిటీ టీమ్ చూడాలంట, వదిలిపెట్టను.

పనికి ఒప్పుకున్నా. అక్కా, నిన్న గాంధీ రోడ్డులో అయిదు స్టూళ్ళు తీసుకున్నా, ఒక్కోటి 650, పెట్టీ క్యాష్‌లో రాసి నా పేరే వేసినా. మా బిల్లింగ్ పిల్ల ఒకామె కూర్చోవచ్చా సార్ అని మూడుసార్లు అడిగింది.

సోమవారం పొద్దున మొదటి బస్సుకి నగరి పోతా ఉండా. ఆడ స్టోర్ మేనేజరు కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన పిల్లోడు, పెరటాసి అంటే ఏందన్నా అని అడిగినాడు ఫోన్లో. గుడ్ల ఇండెంట్ అప్పటికే పోయిందంట, ముందు అది ఆపించాల.